చేపనూనెకు చేప పథ్యం

మా పై వాటాలో ఉండే అమ్మాయి మొన్న ఒక సీసా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. వాళ్ల పిల్లాడికి బళ్లో ధ్యాస నిలవడం లేదట, చదువుతుంటే అక్షరాలు తారుమారవుతున్నాయట. డాక్టరు చేపనూనె గుళికలు రాశాడట. అరచేతిలో ఒకటి వేసి చూపించింది. తేనెరంగులో, లోపల నూనె కదులుతూ ముచ్చటగానే ఉంది. "మీరు చిన్నప్పుడు ఇదే వాడారట కదండీ, పనిచేస్తుందాండీ?" అంది.

నాకు ఒళ్లు మండింది. గుళికలట! మంచినీళ్లతో గుటుక్కున మింగేస్తాడట! వాసన తెలియకుండా పైన నిమ్మకాయ రుచి కూడా పూశారట! మేము తాగింది తాగడమా, వీళ్లు మింగేది మింగడమా? "పనిచేస్తుందో లేదో డాక్టర్నే అడుగమ్మా, నాకు తెలీదు. పథ్యం సంగతి అయితే నన్నడుగు" అన్నాను. "దీనికి పథ్యం ఏముంటుందండీ!" అని నవ్వేసి వెళ్లిపోయింది. ఏముంటుందా! కూర్చోబెట్టి చెబుదామంటే వాళ్లబ్బాయి బస్సు వచ్చే వేళయింది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మాది బందరు. మా నాన్న ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తా. ఆయన చేతిరాత గురించి కోర్టులో గొప్పగా చెప్పుకునేవారు. కోర్టులో ఎవరూ చెప్పుకోని రోజున ఇంటికొచ్చి ఆయనే చెప్పుకునేవాడు. అలాంటాయన కడుపున పుట్టి నేను ఐదో తరగతి తప్పాను. ఇప్పుడైతే ఇలాంటి పిల్లలకు మంచి మంచి పేర్లున్నాయి. అప్పట్లో మొద్దు అనేవారు, కోపం లేని రోజున పరధ్యానం అనేవారు.

వాళ్ల తప్పు కూడా లేదు. మాష్టారు చదవమంటే మొదటి మాట బాగానే చదివేవాణ్ని. రెండో మాట దగ్గరికి వచ్చేసరికి కిటికీ మీద కాకి వాలేది. మూడో మాట దగ్గర ఆ కాకి ఎగిరిపోయేది. వరుస చివరికి వచ్చేసరికి నేను కాకితో పాటు ఊరవతల ఉండేవాణ్ని. వెనక్కి వచ్చి చూస్తే పుస్తకంలో 'ప'లు 'వ'లై, 'మ'లు 'య'లై, నన్నెప్పుడూ చూడనట్టు మొహం పెట్టేవి. ఇంటి దగ్గరా అంతే. అమ్మ పోపు గరిట పొయ్యి మీద పెట్టి ఆవాలకు పంపించేది. దారిలో గిలకలదిండి చేపల రేవుకు వెళ్లే ఐసు బండి కనబడేది. ఐసు దిమ్మలు పడవల్లోకి ఎలా దించుతారో చూడకుండా ఎవరైనా ఉండగలరా? నేను ఉండలేకపోయేవాణ్ని. చీకటి పడే వేళకు ఆవాలు లేకుండా, చేతిలో కరిగిపోతున్న ఐసు ముక్కతో ఇంటికి చేరేవాణ్ని. అమ్మ నన్ను తిట్టడం మానేసి గరిటను తిట్టేది.

ఐదో తరగతి రెండోసారి మొదలైన కొత్తలోనే హెడ్మాస్టరుగారు నాన్నను పిలిపించారు. "ఈ ఏడు కూడా తప్పితే మీవాణ్ని తీసుకెళ్లి ఏదైనా పనిలో పెట్టుకోండి. వాడి కాలమూ వృథా, మా కాలమూ వృథా" అన్నారు. నాన్న ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే చెప్పాడు, తప్పితే గుడివాడ పంపించేస్తానని. గుడివాడలో మా మావయ్యకు, అంటే అమ్మకు అన్నగారికి, బియ్యం మిల్లు ఉంది. పిల్లల్లేరు. "పంపించండి బావగారూ, కాటా దగ్గర కూర్చుంటాడు, నా కళ్లముందుంటాడు" అని ఆయన ఎప్పటినుంచో అంటూనే ఉన్నాడు.

నేను బడికి పనికిరాకపోవచ్చు గానీ నాకు బడి కావాలి. ఈ మాట అప్పుడు చెబితే ఎవరూ నమ్మలేదు. మా తెలుగు మాష్టారు పాఠం పైకి చదువుతుంటే నోరెళ్లబెట్టుకుని వినేవాణ్ని. ఆయనకు అన్ని కథలు చెప్పే అక్షరాలు నా దగ్గరికొచ్చేసరికి మొండికెయ్యడం నాకు ఎంత అవమానంగా ఉండేదో! ఎప్పటికైనా వాటిని లొంగదీస్తానని నాలో నేను పౌరుషాలు పోయేవాణ్ని. మిల్లుకి వెళ్తే ఇక అవి జన్మలో నా మొహం చూడవని నాకు తెలుసు.

అమ్మ పట్టుబట్టి నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన నాలుక చూశారు, కనురెప్ప లాగి చూశారు, మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టారు. నా కాలు ఎగిరి ఆయన బల్లకు తగిలింది. "వీడికి తెలివి లేకపోవడం కాదమ్మా, బుర్ర ఒకచోట కుదురుగా కూర్చోవడం లేదు. సొరచేప నూనె రాస్తాను, రోజూ పొద్దున్న ఒక చెంచా తాగించండి. మెదడుకు బలం. చూద్దాం" అన్నారు.

"పథ్యం ఏంటండీ?" అంది అమ్మ.

"ఏం లేదమ్మా. అన్నీ పెట్టండి."

"వంకాయ?"

"పెట్టండి."

"గోంగూరో?"

"పెట్టండి."

అమ్మ మొహంలో నమ్మకం సడలిపోతోంది. "పోనీ, రాత్రిపూట పెరుగైనా మానిపించమంటారా?" అంది బతిమాలుతున్నట్టు. డాక్టరుగారు కళ్లజోడు తీసి, "అమ్మా, మీ వెనక చాలామంది ఉన్నారు" అన్నారు.

ఇంటి దగ్గర మా నాయనమ్మ ఎదురుచూస్తోంది. నాయనమ్మ గురించి చెప్పాలి. ఆవిడది దివిసీమ, నాగాయలంక అవతల పల్లెటూరు. అంతకు ముందటి ఏడు వచ్చిన ఉప్పెన ఆవిడ ఇంటిని, గొడ్లను, తోడికోడలిని పట్టుకుపోయింది. కట్టుబట్టలతో మా ఇంటికి వచ్చింది. ఆ సంగతి ఎవరైనా అడిగితే లేచి అవతలికి వెళ్లిపోయేది. మిగతా లోకంలో ఏ సంగతి గురించైనా, ఎవరూ అడగకపోయినా మాట్లాడేది. ముఖ్యంగా పథ్యం గురించి. వచ్చిన కొద్ది నెలల్లోనే మా వీధి వీధంతా ఆవిడ మాట మీద నడవడం మొదలుపెట్టింది. కామెర్లు కానివ్వండి, కాన్పు కానివ్వండి, డాక్టరు దగ్గర మందు తెచ్చుకునేవాళ్లు, పథ్యం మాత్రం మా గుమ్మంలోకొచ్చి అడిగి వెళ్లేవాళ్లు. ఆవిడ కాళ్లు చాపుకుని కూర్చుని తీర్పులిచ్చేది.

సీసా చేతికి తీసుకుని మూత విప్పి వాసన చూసింది. తల వెనక్కి పోయింది. "ఇదేం నూనే?"

"సొరచేప నూనె అత్తయ్యా. బుర్రకి బలమట."

"సొర బాలింతలకి కదే పెడతారు, పాలు పడాలని? వీడేం బాలింతా?" అంది. కాసేపు ఆలోచించి, "సరే, డాక్టరు చదువుకున్నవాడు, ఏదో తెలిసే ఇచ్చుంటాడు. పథ్యం ఏం చెప్పాడు?"

"ఏమీ లేదన్నారండీ."

"లేదన్నాడా? పథ్యం లేకుండా మందెలా పడుతుందే ఒంటికి? చదువుకున్నాడు గానీ పెద్దవాళ్లు లేని ఇంట్లో పెరిగినట్టున్నాడు" అని సీసాకు మూత బిగించింది. "మందు తాగినన్నాళ్లూ వీడికి నీచు తగలకూడదు. చేప, రొయ్య, పీత, ఏదీ."

నాన్న పేపరు దించాడు. "అమ్మా, ఆ మందే చేప."

"అందుకే తినకూడదు."

"చేప మంచిదని చేపనూనె ఇస్తే, చేప తినకూడదంటావేంటి?"

"ఒరే అబ్బాయ్, మందు చేప పైకెళ్లాలి, బుర్రకి. కూర చేప కిందకెళ్లాలి, కడుపుకి. దారిలో రెండూ ఎదురుపడితే ఏది ఎటెళ్లాలో వాటికేం తెలుసురా? చేపలేగా అవి!"

నాన్న మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు. కోర్టులో ఎన్ని వాదనలు విన్నవాడో!

అసలు విషాదం ఏంటంటే, ఉప్పెన తర్వాత కొన్ని నెలలు మా వైపు ఎవరూ చేప ముట్టలేదు. సముద్రంలోకి ఏమేం కొట్టుకుపోయాయో అందరికీ తెలుసు గనక ఎవరికీ నోట్లోకి పోయేది కాదు. మెల్లగా ఆ దిగులు తగ్గి, గిలకలదిండి నుంచి చేపల గంపలు మళ్లీ మా వీధిలోకి రావడం మొదలైంది. నాయనమ్మ కూడా ఒకరోజు గంప దింపించి, చాలాసేపు చూసి, కళ్లొత్తుకుని, బేరం మొదలుపెట్టింది. ఊరంతా చేపల మీద పడింది. సరిగ్గా అప్పుడు నాకు పథ్యం పెట్టారు.

పొద్దున్నే నూనె. అమ్మ ముక్కు మూసేది, నాయనమ్మ దవడ పట్టుకునేది, చెంచా లోపలికి వెళ్లేది. అది నూనె అనుకుంటున్నారేమో! సముద్రాన్ని ఎండబెట్టి, కుళ్లబెట్టి, పిండితే వచ్చేది అది. వెంటనే బెల్లం ముక్క. బెల్లం కరిగిపోయేది, నూనె మాత్రం సాయంత్రం దాకా గొంతులో కాపురం ఉండేది. మధ్యాహ్నానికి బీరకాయ కూర, మిరియాల చారు. రాత్రికి పొట్లకాయ, మిరియాల చారు. పండగొస్తే పెసరకట్టు. లోపల గదిలో మాగచేప ఇగురు, బొమ్మిడాయిల పులుసు, రొయ్యల వేపుడు. ఆ ఆవిరి తగిలినా పథ్యం చెడుతుందని నా కంచం వరండాలోకి మార్చి తలుపు వేసేవారు. తలుపు వేస్తే వాసన ఆగుతుందా? నాలుగు వీధుల అవతల చింతపండు పులుసు మరిగితే చెప్పగల ముక్కు నాది. పైగా మా చెల్లెలు అన్నం తిని చెయ్యి కడుక్కోకుండా వచ్చి నా ముక్కు కింద పెట్టి పారిపోయేది. దాని పెళ్లయి మనవలు పుట్టినా నేను ఆ విషయంలో దాన్ని క్షమించలేదు.

చేప తినేవాళ్లెవరి దగ్గరా వాసన వచ్చేది కాదు. చేప ముట్టని నా దగ్గర మాత్రం గిలకలదిండి రేవంత వాసన వచ్చేది. చొక్కాల మీద నూనె మరకలు, తేన్చితే చేపలు. పిల్లులు నా వెంటపడ్డాయి. మొదట మా వీధి పిల్లి, తర్వాత పక్క వీధివి. బడికి వెళ్తుంటే నా వెనక ఊరేగింపులా వచ్చేవి. ఒక బూడిదరంగు పిల్లి అయితే తరగతిలోకే వచ్చి నా బల్ల కింద కూర్చునేది. మాష్టారు పాఠం ఆపి, "ఏరా, మీ ఇంట్లో రోజూ చేపలేనా?" అన్నారు.

"లేదండీ. నాకు పథ్యం అండీ."

"దేనికి?"

"చేపనూనె తాగుతున్నానండీ."

మాష్టారు నా వైపు చూశారు, పిల్లి వైపు చూశారు. "కూచో. దాన్నీ కూచోమను. మీ ఇద్దర్లో అదే కుదురుగా ఉంది" అన్నారు. తరగతంతా విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను. నిజంగానే అది కిటికీ మీది కాకి వైపు చూసి కూడా లేవలేదు.

ఇంట్లో అందరూ నా బుర్ర ఎప్పుడు మారుతుందా అని కాచుక్కూర్చున్నారు. నూనె తాగిన మర్నాడే అమ్మ, "ఏడెనిమిదులు?" అంది. నేను చెప్పలేదు. "ఇంకా ఎక్కలేదులే" అంది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు నా గడ్డం పట్టుకుని కళ్లలోకి చూసి, "కళ వచ్చిందండీ" అనేవారు. ఒక పెద్దాయన నా నుదురు నొక్కి చూశాడు, మామిడిపండేదో ముగ్గిందా లేదా అన్నట్టు. నాకూ లోపల ఏదో జరుగుతోందనే అనిపించేది. పడుకుని తల అటూ ఇటూ ఊపి, నూనె పైకి చేరిన చప్పుడు వినబడుతుందేమోనని ఊపిరి బిగబట్టి వినేవాణ్ని.

ఎందుకంటే నేను నమ్మాను. పూర్తిగా నమ్మాను. పథ్యం చేస్తే మందు పడుతుంది, మందు పడితే అక్షరాలు వస్తాయి, అక్షరాలు వస్తే గుడివాడ తప్పుతుంది. అందుకే ఒక్క రొయ్య కూడా ముట్టలేదు. స్నేహితుడి ఇంట్లో వాళ్లమ్మ పీత కాలు చేతిలో పెడితే తిరిగి ఇచ్చేశాను. బందరులో పుట్టినవాడు పీత కాలు తిరిగి ఇవ్వడమంటే ఏంటో బయటి ఊళ్లవాళ్లకు తెలియదు. అయినా నాయనమ్మ నేను ఇంటికి రాగానే రెండు చేతులూ వాసన చూసేది. చూసి, "ఊఁ" అనేది. ఆ ఊఁ కోసం నేను ఏమైనా చేసేవాణ్ని.

దసరా సెలవులకు మావయ్య నన్ను గుడివాడ తీసుకెళ్లాడు. మిల్లు అలవాటు కావాలని కాబోలు. అత్తయ్య నా కోసం కొర్రమీను తెప్పించి ఉంచింది. నా సంచీలో నాయనమ్మ పెట్టి పంపిన పాత చింతకాయ పచ్చడి జాడీ చూసి, పథ్యం సంగతి విని, తల పట్టుకుంది. మిల్లు పెద్ద చప్పుడు. గాలంతా తవుడు. మావయ్య నన్ను బస్తాలు లెక్కపెట్టమన్నాడు. సగంలో పిచ్చుకలు వచ్చి కింద రాలిన నూకలు ఏరుకుంటుంటే లెక్క పోయింది. భయంగా చూశాను. "పర్లేదురా, మళ్లీ లెక్కపెట్టుకుందువులే, తొందరేముంది?" అన్నాడు మావయ్య. బెత్తం లేదు, తిట్టు లేదు. మావయ్య అంత మంచివాడు. అదే నాకు భయమేసింది. అక్కడ చేరితే నన్ను ఎవరూ ఏమీ అనరు, ఇక ఎప్పటికీ ఎవరూ చదవమని కూడా అనరు.

మిల్లులో బస్తాలు మోసే ఒకాయన శుభలేఖ తెచ్చి, "చదువుకునే పిల్లాడివిగా బాబూ, పెళ్లి ఏ ఊళ్లోనో చూసిపెట్టు" అన్నాడు. నేను కార్డు పట్టుకుని నిలబడ్డాను. పసుపు మరకలు కనబడ్డాయి, వినాయకుడి బొమ్మ కనబడింది. అక్షరాలు మాత్రం మిల్లు చప్పుడుకు అదిరిపోతున్నట్టు ఒకచోట నిలవలేదు. ఆయన కాసేపు చూసి కార్డు మెల్లగా తీసుకుని, "పోన్లే బాబూ, నీకూ రాదన్నమాట" అన్నాడు. ఎగతాళిగా అనలేదు, దగ్గరివాడితో అన్నట్టు అన్నాడు. ఆ 'నీకూ' అన్న మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. మిల్లు వెనక్కి వెళ్లి తవుడు బస్తాల మధ్య కూర్చుని ఏడ్చాను.

పరీక్షలు దగ్గరికొచ్చేసరికి నాయనమ్మ పథ్యం ఇంకా బిగించింది. పొట్లకాయ కూడా వాతం అని మానిపించింది. పరీక్షలు నేను బాగానే రాశాననుకున్నాను. లెక్కల్లో అన్ని లెక్కలూ మొదలుపెట్టాను. తెలుగులో కాయితం నింపాను. ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం పొద్దున బళ్లో పాసైనవాళ్ల పేర్లు చదివారు. నాన్న, నేను వేపచెట్టు కింద నిలబడి విన్నాం. నా పేరు రాలేదు. అయిపోయాక కూడా నాన్న కాసేపు అలాగే నిలబడ్డాడు, ఇంకో కాయితం ఉందేమో అన్నట్టు.

దారిలో నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. కొట్టినా బాగుండేది. ఇంటికి వచ్చేసరికి మావయ్య వరండాలో కూర్చుని ఉన్నాడు, ఫలితం తెలుసుకుని నన్ను తీసుకెళ్దామని ఆ పొద్దున్నే బస్సులో వచ్చాడు. నాన్న మొహం చూసి కుర్చీ ఆయన వైపు జరిపాడు. "పెట్టె సర్దు" అన్నాడు నాన్న అమ్మతో. అమ్మ ట్రంకుపెట్టె తెచ్చి వరండాలోనే కింద కూర్చుని నా చొక్కాలు మడతపెట్టడం మొదలుపెట్టింది. ప్రతి చొక్కా మీదా నూనె మరక ఉంది. మరక పైకి కనబడకుండా మడతపెడుతోంది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

పెరట్లో బొమ్మిడాయిలు బూడిదతో తోముతున్న నాయనమ్మ ఆ బూడిద చేతులతోనే వరండాలోకి వచ్చింది. పెట్టె చూసింది.

"ఎందుకురా వాణ్ని పంపించడం?"

"ఇంకేం చెయ్యమంటావమ్మా? బడి అయింది, బెత్తం అయింది, మందు కూడా అయింది. ఏడాదంతా తాగాడు. ఏం లాభం?"

"మందునెందుకు అంటావు? పథ్యం చెడితే మందేం చేస్తుంది?"

"పథ్యం ఎక్కడ చెడింది? కాపలా కాసింది నువ్వే కదా!"

నాయనమ్మ బూడిద చేతుల వైపు ఒకసారి చూసుకుంది. "నేనే చెడగొట్టాను" అంది.

పెట్టెకు అడ్డంగా వచ్చి నిలబడింది. "పిల్లాడు వరండాలో ఒక్కడూ మొహం వేలాడేసుకుని కూర్చుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. నువ్వు కోర్టు నుంచి రాకముందు, కోడలు పెరట్లో ఉన్నప్పుడు, గిన్నెలోంచి ముక్క తీసి పెట్టేదాన్ని. చేప వండిన ప్రతిసారీ పెట్టాను. వాణ్నేమీ అనకు. పెడితే తిన్నాడు, చిన్నవెధవ, వాడికేం తెలుసు?"

నేను నోరు తెరిచాను. "నాయనమ్మా, నువ్వెప్పు..." అనబోయాను. ఆవిడ నా వైపు చూసిన చూపుకు నా నోరు దానంతటదే మూతబడింది.

అమ్మ చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. మా అమ్మకూ నాయనమ్మకూ పులుసులో ఉప్పు దగ్గర్నుంచి దేవుడి దీపం దాకా ఏ విషయంలోనూ పడేది కాదు. గిన్నెలో ఎన్ని ముక్కలు వేసిందో, ఎన్ని మిగిలాయో అమ్మకు ఎప్పుడూ తెలుసు. అమ్మ తల ఎత్తకుండా, "నేనూ అనుకుంటూనే ఉన్నానండీ, ముక్కలు తగ్గుతున్నాయేంటా అని. పిల్లి ఎత్తుకుపోతోందనుకున్నాను" అంది.

"మరి నాతో చెప్పలేదేం?" అన్నాడు నాన్న.

"పిల్లి కాకపోతే ఇంకెవరని చెప్పమంటారు? అత్తయ్యగారి పేరు నేనెలా చెప్తానండీ?"

నాన్న కుర్చీలో కూలబడ్డాడు. మావయ్య వైపు తిరిగి, "పథ్యం చెడితే మందేం చేస్తుంది బావగారూ?" అన్నాడు. ఏడాది కిందట పేపరు దించి వాదించిన పెద్దమనిషేనా ఈయన అని నేను తెల్లబోయాను.

"నిజమే బావగారూ. మా మిల్లు మేస్త్రీ ఇలాగే, పక్షవాతం మందు తింటూ వంకాయ తిన్నాడు. చెయ్యి రాలేదు" అన్నాడు మావయ్య గంభీరంగా. "ఇంకో ఏడాది చూద్దాం. హెడ్మాస్టరుగారితో నేనూ వచ్చి మాట్లాడతాను. కాకపోతే, ఏమనుకోకండి అత్తయ్యగారూ, ఈసారి పథ్యానికి కాపలా మిమ్మల్ని మాత్రం పెట్టం."

గోడ అవతల పక్కింటావిడ చీపురు చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. నాయనమ్మకు కూడా ఆ సంగతి తెలుసు. సాయంత్రానికి వీధి వీధంతా అనుకుంది, మనందరికీ అన్నీ మానిపించి మనవడికి మాత్రం చాటుగా చేప పెట్టుకుందట ఈవిడ అని. ఆ తర్వాత పథ్యం అడగడానికి మా గుమ్మంలోకి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. వచ్చినవాళ్లు అమ్మను అడిగేవారు.

మరుసటి ఏడు నేను గట్టెక్కాను. నూనె తాగాను, పథ్యం కూడా చేశాను. ఈసారి అమ్మ కాపలా. ఆ ఏడే కొత్తగా వచ్చిన మాష్టారు ఒకాయన రోజూ బడి అయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మాట కింద వేలు పెట్టి, నా చూపు కాకి మీదికి వెళ్తే ఆగి, అది తిరిగొచ్చాక మళ్లీ మొదలుపెట్టేవారు. వీటిలో దేనికి దండం పెట్టాలో తెలియక అన్నిటికీ పెట్టాను. పై వాటా అమ్మాయికి నేను చెప్పగలిగింది ఇంతే. అయితే ఆ ఆదివారం సంగతి ఇంకా కొంచెం మిగిలి ఉంది.

మావయ్య భోంచేసి, ఖాళీ చేతులతో బస్టాండుకు బయల్దేరాడు. నాన్న సాగనంపడానికి వెళ్లాడు. చెల్లెలు నిద్రపోయింది. అమ్మ పెట్టెలోంచి చొక్కాలు మళ్లీ తీసి దండెం మీద వేస్తోంది. నాయనమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "కూచో" అంది. కంచంలో అన్నం, మీద బొమ్మిడాయిల పులుసు.

"నాకు పథ్యం కదా నాయనమ్మా?"

"చెడిందిగా. ఇంకేం పథ్యం?"

"నువ్వు నాకెప్పుడు పెట్టావు? ఒక్కసారి కూడా పెట్టలేదు!" అన్నాను. ఏడాదిగా లోపల పేరుకున్నదంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది. "పీత కాలు కూడా తిరిగి ఇచ్చేశాను. నువ్వు చెప్పినట్టే అన్నీ చేశాను. నాన్నతో అబద్ధం ఎందుకు చెప్పావు?"

"అరవకు. అబద్ధమేముంది? ఇదిగో, పెడుతున్నాగా" అని ముల్లు తీసి, అన్నంలో ముక్క చిదిపి కలిపింది.

నాకు ఏడుపు ఆగలేదు. "మందు తాగాను, పథ్యం చేశాను. ఏదీ చెడలేదు. అయినా తప్పాను. అంటే నేను నిజంగా మొద్దునే కదా నాయనమ్మా?"

నాయనమ్మ చేతిలో ముద్ద పట్టుకుని నా మొహంలోకి చూసింది.

"నా అబద్ధాన్ని మీ నాన్న పట్టుకున్నాడా? అంత మిల్లు నడిపే మీ మావయ్య పట్టుకున్నాడా? మొద్దువెలా అవుతావురా నువ్వు?" అంది. "తెరువు నోరు."

నోరు తెరిచాను.